ఐఎఫ్ఎస్ మొదటి ప్రిఫరెన్స్‌గా పెట్టి ఇంటర్వ్యూకి వెళ్తే... నా అనుభవం

సివిల్స్‌లో ఐఎఫ్ఎస్‌ను (ఇండియన్ ఫారిన్ సర్వీస్) మొదటి ప్రిఫరెన్స్‌గా పెట్టినవాళ్ళకు 'ఐఏఎస్ ఎందుకు వద్దనుకున్నారు?' అన్న ప్రశ్న దాదాపు తప్పదు. నా ఆప్షనల్ పొలిటికల్ సైన్స్ కాబట్టి పుస్తకాల జవాబులు బోలెడున్నాయి. కానీ నా అసలు జవాబు సి.బి. ముత్తమ్మ.

కొడగు ఆడపడుచు. 1949లో ఫారిన్ సర్వీస్‌లో చేరిన మొదటి మహిళ. పెళ్ళి చేసుకుంటే రాజీనామా చేస్తానని ముందే రాసివ్వాల్సి వచ్చింది. 1970లో హంగరీకి రాయబారిగా వెళ్ళారు. తర్వాత పై గ్రేడ్ ప్రమోషన్ ఇవ్వకపోతే సుప్రీంకోర్టుకెక్కారు.

మాక్ ఇంటర్వ్యూలో ఇదే చెబితే, 'ప్రభుత్వంలో చేరబోతూ ప్రభుత్వం మీద కేసు వేసినావిడ పేరెందుకమ్మా?' అన్నారొకాయన. నాకు మింగుడు పడలేదు. ఊరికే పేరు చెప్పి ఊరుకుంటే దొరికిపోతాం గానీ, తీర్పు చదువుకుని వెళ్తే భయమేముంది? 1979లో జస్టిస్ కృష్ణయ్యర్ రాసిన ఆ తీర్పు చిన్నదే. అందులో ఫారిన్ సర్వీస్ అప్పటి నిబంధనల్లోని రూల్ 8(2) దగ్గర ఆగిపోయాను. మహిళా ఆఫీసర్ పెళ్ళికి ముందు రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలట. పెళ్ళయ్యాక ఇంటి బాధ్యతలు ఉద్యోగానికి అడ్డొస్తాయని ప్రభుత్వానికి అనిపిస్తే రాజీనామా చేయమనొచ్చట. మగ ఆఫీసర్లకు ఇల్లూ వాకిలీ ఉండవు కాబోలు!

ఇంటర్వ్యూ జరిగేది ఢిల్లీలోని యూపీఎస్సీ ఆఫీసు ధోల్‌పూర్ హౌస్‌లో. అక్కడ ఫోన్ తీసుకుంటారు, సర్టిఫికెట్లు చూస్తారు, ఆ తర్వాతంతా ఎదురుచూపే. మొత్తం 2025 మార్కుల్లో 275 ఈ ఇంటర్వ్యూవే.

బోర్డు ఛైర్మన్ 'ఐఏఎస్ ఎందుకు వద్దనుకున్నారు?' అన్న ఆ ప్రశ్నే వేశారు. ముత్తమ్మ గురించి చెప్పాను. పక్కనున్న మేడమ్ వెంటనే, 'మరి ఆవిడ కేసు గెలిచారా?' అన్నారు.

చాలామంది గెలిచారనే అనుకుంటారు. నిజానికి పిటిషన్ కొట్టేశారు. కేసు నడుస్తుండగానే ప్రభుత్వం ప్రమోషన్ ఇచ్చేసింది, ఆ రూల్ కూడా తీసేస్తున్నామని చెప్పింది. 'పిటిషన్‌ను కొట్టేస్తున్నాం గానీ సమస్యను కాదు' అని కోర్టు రాసింది. అదే చెప్పాను.

'అంటే ప్రభుత్వం తనంతట తానే సర్దుకుందనేగా?'

'కేసు పడకపోతే సర్దుకునేది కాదు మేడమ్.'

ఆవిడ నవ్వలేదు. తలొంచుకుని ఏదో రాసుకున్నారు. అంతసేపూ లేని టెన్షన్ అప్పుడు మొదలైంది. తర్వాత శ్రీలంక జాలర్ల సమస్య, భద్రతా మండలి గురించి అడిగారు, ఏదో నెట్టుకొచ్చాను.

మార్కులు బాగానే పడ్డాయి, ఐఎఫ్ఎస్ వచ్చింది. ట్రైనింగ్‌లో ఒక విదేశీ భాష నేర్చుకోవాలి కదా, అరబిక్ అడిగాను. ఏది ఇస్తారో చూడాలి.