పడవలో రేడియో, నీళ్ళలో రాగి చెంబు

తిరుపతిలో మా డాబా మీద హ్యామ్ రేడియో (లైసెన్స్ తీసుకుని సరదాకి దూరాల వాళ్ళతో మాట్లాడుకునే రేడియో) వినడం ఈమధ్య నరకంగా తయారైంది. చుట్టూ ఎల్‌ఈడీ బల్బులు, ఇన్వర్టర్లు. దూరం నుంచి వచ్చే సన్నటి గొంతులన్నీ ఆ గోలలో మునిగిపోతాయి. ఒక్క పూటైనా కరెంటు తీగలు లేనిచోట కూర్చోవాలనిపించి, తడ దగ్గర భీములవారిపాళెంలో ఒక పడవ మాట్లాడుకున్నాను.

పులికాట్‌కి అవతల శ్రీహరికోట. రాకెట్ కేంద్రం దాపుల్లో పడవ మీద రేడియో అంటే ఎవరికైనా అనుమానమే. అందుకని నా స్టేషన్ పెట్టుకోవడానికి ముందు పోలీస్ స్టేషన్‌కి వెళ్ళి, లైసెన్స్ చూపించి, అటువైపు వెళ్ళనని చెప్పి వచ్చాను.

రేడియోలో నా గుర్తింపు పేరు, అంటే కాల్‌సైన్, వీయూ3తో మొదలవుతుంది. పవర్ 50 వాట్లు. రేడియో, కారు బ్యాటరీ, ఒక వెదురు బొంగు, దాని పొడవునా కట్టిన 5 మీటర్ల వైరు. 14.2 మెగాహెర్ట్జ్‌లో తరంగం పొడవు సుమారు 21 మీటర్లు, అందులో నాలుగో వంతు అన్నమాట. పడవ డీజిల్ ఇంజనుకి స్పార్క్ ప్లగ్ ఉండదు కాబట్టి రేడియోలో గోల రాదు గానీ చెవుల్లో మాత్రం వస్తుంది. కాస్త లోపలికి వెళ్ళాక ఇంజను ఆపించాను. అక్కడ లోతు నడుము దాకా కూడా లేదు. పడవాయన బురదలో గెడ దించి పడవని కట్టేశాడు.

బొంగు నిలబెట్టి మీటర్ చూస్తే ఎస్‌డబ్ల్యూఆర్ (పంపిన పవర్ యాంటెన్నా నుంచి ఎంత వెనక్కి తిరిగొస్తోందో చెప్పే లెక్క, 1కి దగ్గరుంటే మేలు) 3 దాటింది. అలా మాట్లాడితే రేడియోకే చేటు. ఇలాంటి యాంటెన్నాకి కింద ఎర్త్ ఉండాలి. నేనేమో ఫైబర్ పడవలో నాలుగు వైర్లు పరిచి సరిపోతుందనుకున్నాను. టెన్షన్‌తో వాటిని అటూ ఇటూ జరుపుతుంటే పడవాయన అన్నాడు, "ఎర్త్ అంటే నేలే కదా సార్? నీళ్ళలో వదిలెయ్యండి."

వదిలాను. ముల్లు పెద్దగా కదల్లేదు. వైరుకి ప్లాస్టిక్ తొడుగు ఉంటే నీళ్ళకి ఏం తెలుస్తుంది? చివర చెక్కేసి, అమ్మ తాగునీళ్ళకని ఇచ్చిన రాగి చెంబు ఖాళీ చేసి, దాని మెడకి రాగితీగ నాలుగు చుట్లు బిగించి పక్కనుంచి దించాను. చెంబు బుడబుడమని మునిగింది. ముల్లు 1.4 దగ్గరికి వచ్చి ఆగింది! ఉప్పునీళ్ళు కదా, మా ఇంటి నేలలో ఎన్ని రాడ్లు దించినా అలాంటి ఎర్త్ రాదు.

ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే నిశ్శబ్దం. అందులోంచి ఇండోనేషియా నుంచి ఒకాయన పిలుస్తున్నాడు. జవాబిస్తే "ఫైవ్ నైన్" అన్నాడు, అంటే నా గొంతు స్పష్టంగా, గట్టిగా వినిపిస్తోందని. ఇయర్‌ఫోన్ పడవాయన చెవిలో పెట్టాను.

"ఎవురు సార్, మద్రాసోళ్ళా?"

బ్యాటరీ పడిపోయేలోపు పదకొండు మంది దొరికారు. పన్నెండో ఆయన పేరు సగంలో ఆగిపోయింది.

ఇంటికొచ్చాక చెంబు నల్లబడి ఉంది. అమ్మ చూసేలోపు చింతపండు పెట్టి తోమాను.