వడ్లు తూకమయ్యేదాకా దిగని షుగర్

ఆరేళ్లుగా నాకు షుగర్ ఉంది. బిళ్లలు వేళకు వేసుకుంటాను, రాత్రి జొన్నరొట్టే తింటాను, చాయ్‌లో చక్కెర మానేశాను. పరగడుపున 120 దాటడం అరుదు. అలాంటిది మొన్నటి యాసంగి చివరికి వచ్చేసరికి 170, 180 కనిపించసాగాయి. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 6.9 నుంచి 8.4కు ఎక్కింది. ఇంట్లో అందరి కళ్లూ నా కంచం మీదే. "పెళ్లిలో లడ్డు తిన్నావేమో" అంది అత్తమ్మ. తినలేదు. షుగర్ పెరగగానే రోగిని దొంగలా చూడటం మన ఇళ్లలో మామూలైపోయింది. జబ్బు కంటే ఆ అనుమానమే నన్ను ఎక్కువ బాధించింది.

మాది హాలియా దగ్గర, సాగర్ ఎడమ కాలువ కింద చివరి పొలం. నీళ్లు వారబందీ మీద, అంటే వంతులవారీగా వస్తాయి. మా వంతు నాటికి మడి తడుస్తుందో లేదోనన్న దిగులుతో జనవరి నుంచే నిద్ర చెడింది. ఎలాగో పంట చేతికొస్తే, కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతానికి దిగాలి. ఆరబోయడం, మబ్బు పట్టగానే పట్టాలు కప్పడం, ఎండ రాగానే మళ్లీ తీయడం. గోనె సంచులు వస్తే లారీ రాదు, లారీ వస్తే హమాలీలు ఉండరు. అప్పు ఇచ్చినవాళ్ల ఫోను మాత్రం రోజూ వచ్చేది. రాత్రిళ్లు మా ఆయన కుప్ప దగ్గర కావలి, నేను ఇంట్లో ఉరుము కోసం చెవి ఒగ్గి పడుకోవడం.

మిర్యాలగూడలో నేను చూపించుకునే డాక్టరమ్మ రిపోర్టు చూసి తిండి గురించి అడగలేదు. "నిద్ర పడుతోందా అమ్మా?" అన్నారు. నాకు ఏడుపు వచ్చేసింది.

భయం, దిగులు పట్టుకున్నప్పుడు ఒంట్లో అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లు పెరుగుతాయట. ఆపద వచ్చింది, శక్తి కావాలి అన్నట్టుగా కాలేయం దాచుకున్న చక్కెరను రక్తంలోకి వదులుతుంది. ఇన్సులిన్ పనితనమూ మందగిస్తుంది. షుగర్ లేనివారిలో క్లోమం మరికొంత ఇన్సులిన్ ఇచ్చి సర్దుకుంటుంది, మాలాంటివారిలో అది కుదరదు. నిద్ర కరువైనా షుగర్ పెరుగుతుంది. ఒక్క ముద్ద ఎక్కువ తినకపోయినా అంకె ఎక్కుతుందన్న ఆ మాట మా ఆయన ఎదురుగా చెప్పారు. అందుకు ఆవిడకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

పరగడుపు అంకె పక్కన ముందురాత్రి నిద్ర, దిగులు కూడా రాయమన్నారు. రాస్తుంటే తెలిసింది: మబ్బు పట్టిన రాత్రుల మర్నాడే పెద్ద అంకెలు.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది, అది మరీ ప్రమాదం. ఒక రాత్రి షుగర్ తగ్గించే గ్లిమెపిరైడ్ బిళ్ల వేసుకున్నాక గాలివాన మొదలైంది, ముద్ద దిగలేదు. కాసేపటికి చెమటలు, వణుకు, గుండెదడ. గాబరా వల్లేనని అందరూ అన్నారు. గ్లూకోమీటర్ 62 చూపించింది. మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగి, పావుగంటకు మళ్లీ చూసుకున్నాను. దిగులుకూ షుగర్ పడిపోవడానికీ లక్షణాలు ఒకేలా ఉంటాయి కాబట్టి, అనుమానం వస్తే ముందు వేలు పొడిచి చూసుకోవాలి. కంచం ముందుకు వచ్చాకే ఆ బిళ్ల వేసుకోమని డాక్టరమ్మ చెప్పారు, మోతాదూ మార్చారు.

బ్యాంకు బాకీ, ఎరువుల దుకాణం ఖాతా, చేబదుళ్లు అన్నీ మా ఆయనా నేనూ కూర్చుని ఒక కాగితం మీద రాసుకున్నాం. మొత్తం తగ్గలేదు కానీ రాత్రంతా తలలో లెక్కలు తిరగడం తగ్గింది. 14416, అదే మనసు బాగోలేనివారితో మాట్లాడే ప్రభుత్వ టెలీ మానస్ నంబరుకు కూడా ఫోను చేశాను. డబ్బు తీసుకోరు, తెలుగులోనే మాట్లాడారు. పిచ్చి పట్టిందనుకుంటారేమోనని చుట్టుపక్కల ఆడవాళ్లు జంకుతారు గానీ, నాకది మేలు చేసింది.

వడ్లు తూకమై డబ్బు పడ్డాక పరగడుపు అంకె 130 దగ్గరికి వచ్చింది. తర్వాతి హెచ్‌బీఏ1సీ 7.4. ఇంకా దిగాలి. మా ఊరి ఆశా కార్యకర్త ఇంటింటికీ వచ్చినప్పుడు తిండి, బిళ్లల సంగతితో పాటు నిద్ర పడుతోందా అని కూడా అడగమని చెప్పాను. ఇప్పుడు అడుగుతోంది. మా వీధిలో ఇద్దరు ఆడవాళ్లు నిద్ర పడటం లేదని చెప్పారట.