ఇల్లుంది, చేతిలో డబ్బు లేదు

విడాకుల తర్వాత నేను ఎక్కువగా విన్న మాట: "నీకేంటి, ఇంట్లో సగం వాటా ఉందిగా!" ఉంది. కానీ ఆ వాటా పెట్టి అద్దె కట్టలేను, క్రెడిట్ కార్డు బిల్లు తీర్చలేను. ఇల్లు అమ్ముడుపోవాలి, లేదా ఆయన నా వాటాకు డబ్బిచ్చి తన పేరున రాయించుకోవాలి. అప్పటిదాకా నా ఆస్తంతా కాగితం మీదే.

నన్ను నిద్రపోనివ్వనిది మాత్రం ఆ ఇంటి మీద ఇద్దరం కలిసి తీసుకున్న జాయింట్ లోన్. ఈఎంఐలు ఆయనే కట్టాలని తీర్పులో ఉంది. అయితే తీర్పు మా ఇద్దరికీ సంబంధించింది. బ్యాంకు చూసేది ఇద్దరం సంతకాలు పెట్టిన లోన్ ఒప్పందాన్నే. ఆయన కట్టడం ఆపితే బ్యాంకు నన్నూ అడుగుతుంది, నా క్రెడిట్ స్కోరూ పడిపోతుంది. ఇంటి కాగితాల్లోంచి పేరు తీసేస్తే లోన్‌లోంచి కూడా పోయినట్టే అని చాలామంది అనుకుంటారు. పోదు. ఆయన ఒక్కరి పేరున కొత్త లోన్ తీసుకుని పాతది తీర్చేయాలి, లేకపోతే నన్ను వదిలేస్తున్నట్టు బ్యాంకే రాసివ్వాలి. అందుకే లాయర్‌కి గట్టిగా చెప్పాను: లోన్‌లోంచి నా పేరు పోయే రోజే హక్కు వదులుకుంటూ సంతకం పెడతాను, అంతకుముందు పెట్టను. గడువు తేదీ కూడా రాయించాను. ఆ లోపు ఆయనకు కొత్త లోన్ రాకపోతే ఇల్లు అమ్మకానికి పెట్టాల్సిందే.

ఇక ఈలోపు అప్పులు. ముందు అద్దె, కరెంటు, పాప ఫీజు. తర్వాత కార్డు. నెలకు 3 శాతం వడ్డీ అంటే చిన్నదిగానే కనిపిస్తుంది, వడ్డీ మీద వడ్డీ పడితే ఏడాదికి 42 శాతం దాటుతుంది. మినిమమ్ డ్యూ, అంటే బిల్లులో కనీసం కట్టమనే చిన్న మొత్తం మాత్రమే కడుతూ పోతే అసలు బాకీ పెద్దగా తగ్గదు. వాయిదా తప్పకముందే కార్డు వాళ్లకు ఫోన్ చేసి పరిస్థితి చెప్పాను, బాకీని తక్కువ వడ్డీకి నెలవారీ వాయిదాలుగా మార్చారు. వాయిదాలు తప్పాక అడిగితే ఇంత తేలిగ్గా ఒప్పుకునేవాళ్లు కాదేమో.

ఇల్లు తాకట్టు పెట్టి కార్డు తీర్చేయమని ఒకరు సలహా ఇచ్చారు. వడ్డీ తగ్గే మాట నిజమే. కానీ దానికి ఆయన సంతకం కావాలి, పైగా ఇప్పటిదాకా ఏ తాకట్టూ లేని అప్పు ఇంటి మీదకు వస్తుంది. నేను ఒప్పుకోలేదు.

రాబోయే వాటా ఎంతో లెక్కేసేటప్పుడు కూడా మార్కెట్ ధరలో సగం అనుకోవడం లేదు. మిగిలిన లోను, బ్రోకర్ కమీషన్, పన్నులు, రిజిస్ట్రేషన్ ఖర్చులు పోగా మిగిలేదాంట్లో సగమే నాది. ఆ డబ్బు వస్తుందన్న నమ్మకంతో కొత్తగా ఒక్క రూపాయి కూడా అప్పు చేయడం లేదు.

ఇంటి వాల్యుయేషన్ అయింది, ఆయన కొత్త లోన్‌కి అప్లై చేశారు. ఈలోపు ప్రతి నెలా లోన్ ఖాతా తెరిచి ఈఎంఐ పడిందో లేదో నేనే చూసుకుంటున్నాను. డబ్బు చేతికొస్తే ముందు కార్డు బాకీ, ఆ తర్వాత అన్నయ్య దగ్గర తీసుకున్నది తీర్చేస్తాను.