స్వామిభావే వ్యవస్థితః

పొద్దున్నే స్నానం చేసి సుందరకాండ పారాయణ. పదింటికి మీటింగులో కిందివాళ్ళ మీద కేకలు. ఇలాంటివాళ్ళను చూసి చూసి విసుగొచ్చి రాస్తున్నాను. ఆ వరసలో నేనూ ఉన్నాను, అది తర్వాత చెప్తాను.

అందరం సుందరకాండ దగ్గరే మొదలుపెడతాం. దానికి ముందు కిష్కింధాకాండలో 53వ సర్గ జోలికి ఎవరూ పోరు. సీతను వెతుకుతూ వెళ్ళి, స్వయంప్రభ అనే తపస్విని ఉన్న బిలంలోంచి (గుహలోంచి) బయటపడ్డ వానరులకు, రాజు సుగ్రీవుడిచ్చిన నెల గడువు దాటిపోయిందని తెలిసింది. అప్పుడు అంగదుడంటాడు: "తీక్ష్ణః ప్రకృత్యా సుగ్రీవః స్వామిభావే వ్యవస్థితః". అసలే కటువైన స్వభావం, ఆపైన ప్రభువై కూర్చున్నాడు, మనల్ని క్షమించడు అని.

ఆ రెండో ముక్క దగ్గరే నేనెప్పుడూ ఆగిపోతాను. ఇంట్లో కోపిష్ఠి ఉంటే ఎవరో ఒకరు నోరు మూయిస్తారు. అదే కోపానికి కుర్చీ దొరికిందా, ఎదురు చెప్పే నోరుండదు. ఇంకో చిత్రం చూడండి. తూర్పుకు వెళ్ళేవాళ్ళతో సుగ్రీవుడు నెల దాటితే చంపుతానన్నాడు. దక్షిణానికి వెళ్ళే ఈ అంగదుడి జట్టుతో మాత్రం, నెలలోగా వచ్చి "సీతను చూశాను" అన్నవాడు నాతో సమానంగా భోగాలు అనుభవిస్తాడన్నాడు. వీళ్ళకు చెప్పింది బహుమానం. అయినా గడువు దాటిన రోజున అంగదుడికి అది గుర్తు రాలేదు, తీక్ష్ణత ఒక్కటే గుర్తొచ్చింది. తారుడనే వానరుడు బిలంలోకే వెళ్ళి దాక్కుందామన్నాడు. హనుమ ఎంత నచ్చజెప్పినా, వెనక్కి వెళ్ళి ఉన్నమాట చెప్పే ధైర్యం అంగదుడికి చాలక దర్భలు పరుచుకుని ప్రాయోపవేశానికి, అంటే తిండి మాని చావడానికి, కూర్చున్నాడు.

నా దగ్గర పనిచేసే ఒక కుర్రాడు ఒకసారి లెక్కల్లో ఒక కాలమ్ తప్పు కలిపాడు. పదిమంది ముందూ కడిగేశాను. వాడు పెన్ను మూత తీస్తూ పెడుతూ తలొంచుకుని నిలబడ్డాడు, ఒక్క మాట లేదు. తర్వాత తెలిసింది, ఆ తప్పు వాడికి మూడు రోజుల ముందే కనబడిందట. చెబుదామని నా గది గుమ్మం దాకా రెండుసార్లు వచ్చి వెనుదిరిగాడట. ఆ రాత్రి పుస్తకం ముందు కూర్చున్నాను గానీ, తెరవబుద్ధి కాలేదు తండ్రీ.

అదే వానరసేనలో, ఓ పక్కన మౌనంగా కూర్చున్న హనుమ దగ్గరికి జాంబవంతుడు వెళ్ళాడు. కేకెయ్యలేదు, గడువు గుర్తుచెయ్యలేదు. నీ పుట్టుక ఇదీ, నీ బలం ఇదీ అని చెప్పి లేవమన్నాడు. నూరు యోజనాల సముద్రం దాటింది ఆ మాట మీదే కదా!

మెత్తగా ఉంటే పనులవుతాయా అంటారు. గీత 17వ అధ్యాయంలో "అనుద్వేగకరం వాక్యం సత్యం ప్రియహితం చ యత్" అన్న స్వామి సత్యాన్ని వదిలెయ్యమన్నాడా? తప్పును తప్పనే చెప్పండి. విన్నవాడి గుండె అదరకుండా చెప్పండి. అది వాక్కుతో చేసే తపస్సు అన్నాడాయన, ఉపవాసం కన్నా కష్టమని నా అనుభవం.

ఈసారి పారాయణకు కూర్చునేవాళ్ళు ముందు ఆ 53వ సర్గ ఒక్కటి చదవండి. చదివాక ఫోను తీసి, నిన్న రాత్రి మీ టీమ్ గ్రూపులో మీరు పెట్టిన మెసేజ్ ఇంకోసారి చూసుకోండి.