ఏసీఎల్ సర్జరీకి గ్రాఫ్ట్ ఎక్కడి నుంచి తీయించుకోవాలి? నా అనుభవం

నేను చెన్నైలో వడపళని దగ్గర పిల్లలకి కూచిపూడి నేర్పిస్తుంటాను. పోయిన ఏడాది రిహార్సల్లో గెంతి దిగేటప్పుడు పాదం అక్కడే ఆగిపోయి మోకాలు మాత్రం తిరిగిపోయింది, లోపల టప్ మని వినిపించింది, సాయంత్రానికి బాగా వాచిపోయింది. ఎమ్మారైలో ఏసీఎల్, అంటే మోకాలి లోపల తొడ ఎముకనీ కాలి ఎముకనీ పట్టి ఉంచే లిగమెంటు, పూర్తిగా తెగిందని వచ్చింది.

మొదట చూపించుకున్న డాక్టర్ ఐదు నిమిషాల్లో హ్యామ్‌స్ట్రింగ్ (తొడ వెనక కండరం) గ్రాఫ్ట్ వేసేద్దాం అనేశారు, నేనేం పని చేస్తానో కూడా అడగలేదు, నాకు మనసొప్పలేదు. రెండో చోట డాక్టర్ "మీ డాన్స్ వీడియో ఏదైనా ఉంటే చూపించండమ్మా" అన్నారు. ఇత్తడి పళ్ళెం అంచు మీద నిలబడి చేసే తరంగం వీడియో చూపించాను.

అప్పుడు అర్థమైందేంటంటే, తెగిన లిగమెంటుని కుట్టి అతికించడం చాలావరకు కుదరదు కాబట్టి మన ఒంట్లోనే ఇంకోచోట టెండన్ (కండరాన్ని ఎముకకి కలిపే తాడులాంటిది) తీసి పెడతారు, గ్రాఫ్ట్ అంటే అదే, ఎక్కడ తీస్తే అక్కడ కొంత బలం పోతుంది. మోకాలిచిప్ప కింది టెండన్ తీస్తే రెండు చివర్లా ఎముక ముక్కలుంటాయి, త్వరగా అతుక్కుంటుంది, ఆటలాడేవాళ్ళకి బాగా వేస్తారు, కానీ మోకాలు నేలకి ఆనిస్తే నొప్పి చాలామందికి ఉండిపోతుంది, మరి మోకాళ్ళు నేలకి ఆనించే మండి వెయ్యకుండా నాకు రోజు గడవదు. హ్యామ్‌స్ట్రింగ్ తీస్తే మోకాలు బాగా మడిచినప్పుడు పట్టు తగ్గుతుంది, పైగా నాలాంటి సన్నటి మనిషికి గ్రాఫ్ట్ 8 మిల్లీమీటర్ల లోపే వస్తే మళ్ళీ తెగే రిస్క్ ఎక్కువ. దాతల నుంచి తీసిన టెండన్ పెడితే వయసులో ఉన్నవాళ్ళకి తొందరగా తెగుతుందని దాన్ని పక్కన పెట్టేశాం.

ఇక చీలమండ పక్కనుండే పెరోనియస్ లాంగస్ అనే కండరం టెండన్. మన దేశంలో ఈమధ్య బాగా వాడుతున్నారు, మోకాలి దగ్గర ఇంకేదీ తీయక్కర్లేదు కదా అని నేను దానికే మొగ్గాను. డాక్టరే ఆపారు. బొటనవేలి మొదలుని కిందికి నొక్కిపట్టేది ఆ కండరమేనమ్మా, ఇత్తడి పళ్ళెం అంచు మీద నిలబడాలంటే మీకది కావాలి కదా అన్నారు. ఆ మాటతో ఆయన మీద నాకు గురి కుదిరింది.

చివరికి తొడ ముందుండే క్వాడ్రిసెప్స్ టెండన్ తీయించుకున్నాను. అదీ ఊరికే రాలేదు, మొదటి మూడు వారాలు తొడ బిగించమంటే బిగుసుకోదు, కాలు చాచి పైకెత్తమంటే లేవదు, ఫిజియో దగ్గర ఏడుస్తూనే చేశాను.

ఇప్పుడు ఏడో నెల. ఆ తొడ ఇంకా 2 సెంటీమీటర్లు సన్నగానే ఉంది, కానీ మోకాలు మ్యాట్ మీద ఆనిస్తే నొప్పి లేదు. 9 నెలలు దాటి, రెండు కాళ్ళ బలం దాదాపు సమానమని టెస్టులో తేలేదాకా గెంతులూ పళ్ళెమూ వద్దన్నారు, నేనూ తొందరపడట్లేదు, మోకాళ్ళు సగం వంచి నిలబడే అరమండి వరకు పిల్లల పక్కన నిలబడి చేస్తున్నా.