నాన్నగారు రెండోసారి పడకుండా

మా నాన్నగారికి 82 ఏళ్లు. షిప్‌యార్డులో వెల్డరుగా పనిచేసి రిటైరయ్యారు. గత జులైలో న్యుమోనియా వస్తే విశాఖలోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్పించాం. పదకొండు రోజులు అక్కడే ఉన్నాం. రెండో రోజు రాత్రి మూడు గంటల వేళ ఆయన బాత్రూము గుమ్మం దగ్గర పడిపోయారు. అప్పుడు నేను ఆయన మంచానికి మూరెడు దూరంలోనే, అటెండెంట్‌కి ఇచ్చిన బల్ల మీద నిద్రపోతున్నాను.

ఎలా పడ్డారో నేల చూస్తేనే తెలిసింది. బాత్రూముకి రెండు వేళ్ల ఎత్తు గట్టు ఉంది. ఎడమ చేతికి సెలైన్ ఎక్కుతుండగానే, చక్రాల స్టాండును ఆ గట్టు దాటించాలని కుడి చేత్తో ఎత్తబోయారు. కారుతున్న కుళాయి వల్ల లోపలి పలకలు తడిగా ఉన్నాయి. వానాకాలంలో మా ఊరి సముద్రపు గాలికి తడి ఓ పట్టాన ఆరదు. నేను పరుగున వెళ్లి ఆయన్ని లేపబోతుంటే సిస్టర్ గట్టిగా వారించారు. తల ఎక్కడ తగిలిందో, తుంటి దగ్గర నొప్పి ఉందో లేదో, ఒక కాలు పొట్టిగా కనిపిస్తూ పాదం బయటకు తిరిగి ఉందో చూడకుండా కదిపితే, విరిగిన ఎముకకు ఇంకా హాని జరగవచ్చన్నారు. స్టెంటు వేసినందువల్ల నాన్నగారు రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారు. అందుకే కనుబొమ్మ మీద చిన్న గాయమే అయినా వెంటనే తలకు సీటీ స్కాన్ తీయించారు. లోపల రక్తస్రావం లేదు. నాలుగు కుట్లతో బయటపడ్డాం.

"నన్నెందుకు లేపలేదు నాన్నా?" అని అడిగితే, ఆయన చాలాసేపు మాట్లాడకుండా ఉండి, "ఆడపిల్లవి, నిన్నెలా లేపనమ్మా?" అన్నారు. ఆసుపత్రుల్లో పెద్దవాళ్లు పడే సందర్భాల్లో చాలా ఇలా మంచం దిగేటప్పుడో, బాత్రూముకు వెళ్లే దారిలోనో జరిగేవేనని తర్వాత తెలుసుకున్నాను. నీరసం, మాత్రలు, తడి నేల, అన్నీ కారణాలే. కానీ మా నాన్నగారి విషయంలో వాటన్నిటికంటే ముందు నిలిచింది సిగ్గు. దాన్ని లెక్కలోకి తీసుకోకుండా ఎన్ని జాగ్రత్తలు పడినా వృథా అని నా నమ్మకం.

మర్నాడు నర్సింగ్ ఇన్‌చార్జి మేడమ్ వచ్చి నా ఎదుటే మోర్స్ స్కేలు ఫారం, అంటే రోగి పడే ముప్పు ఎంతో మార్కుల్లో లెక్కగట్టే కాగితం, నింపారు. చేర్చుకున్న రోజే నింపవలసిన ఆ కాగితం ఫైల్లో ఖాళీగా ఉండడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. ఇతర జబ్బులు ఉన్నందుకు 15, సెలైన్ నడుస్తున్నందుకు 20, నడక బలహీనంగా ఉన్నందుకు 10, మంచాలూ గోడలూ పట్టుకుని నడుస్తున్నందుకు 30. అంటే పడకముందే 75. చాలా ఆసుపత్రుల్లో 45 దాటితే ముప్పు ఎక్కువగా ఉన్నట్టు లెక్క వేస్తారు. పడ్డాక మరో 25 కలిసి నూరు అయింది.

ఆ రోజే డాక్టరుగారు నాన్నగారిని పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూశారు. పడుకున్నప్పుడు పైసంఖ్య 138, నిలబడ్డ నిమిషానికి 112. నిలబడిన మూడు నిమిషాల్లోపు 20 పాయింట్లు పడిపోయినా ప్రమాదమేనట, ఈయనకు 26 పడింది. బీపీ మాత్ర, ప్రోస్టేటు మాత్ర, ఒళ్లు నీరు లాగే మాత్ర, మూడూ రాత్రి భోజనం తర్వాతే వేస్తున్నాం. నీరు లాగే మాత్రను ఉదయానికి మార్చారు, బీపీ మాత్ర మోతాదు తగ్గించారు. ఏళ్ల తరబడి అలవాటైన నిద్రమాత్రను మాత్రం ఒక్కసారిగా ఆపకూడదని, కొద్దికొద్దిగా తగ్గించే లెక్క రాసిచ్చారు. ఇంట్లో వాడే మాత్రలన్నీ, నిద్రమాత్రతో సహా, సంచిలో వేసుకుని డాక్టరుగారి ముందు పెట్టవలసిన అవసరం ఎంత ఉందో నాకప్పుడే తెలిసింది.

మంచానికి రెండు వైపులా కడ్డీలు ఎత్తితే సరిపోతుందని మొదట నేనూ అనుకున్నాను. మూడో రోజు సాయంత్రం చీకటి పడగానే నాన్నగారికి మతి తప్పినట్టయి, యార్డులో డ్యూటీకి ఆలస్యమవుతోందంటూ ఆ కడ్డీల మీదుగా కాలు వేశారు. అక్కడినుంచి పడి ఉంటే మొదటిసారి కంటే ఎత్తునుంచి పడేవారు. చేతులు కట్టేయమని చూడవచ్చిన బంధువొకరు సలహా ఇచ్చారు, నేను ఒప్పుకోలేదు. కట్టేస్తే కంగారు పెరుగుతుందని, విడిపించుకునే పెనుగులాటలోనే దెబ్బలు తగులుతాయని ఫిజియోథెరపిస్టు కూడా చెప్పారు. ఆయనే ఒక వైపు కడ్డీ దించి, మంచాన్ని వీలైనంత కిందికి దించారు. మేము కళ్లజోడు, వినికిడి యంత్రం దిండు పక్కన పెట్టాం, గోడకు క్యాలెండరు తగిలించాం, పగలు మంచాన్ని కిటికీ వైపు తిప్పాం. మూడు రోజుల్లో ఆ తికమక తగ్గింది.

పిలుపు గంట సంగతి చెప్పాలి. దాని తీగ తల వెనక, ఆక్సిజన్ పైపుల పక్కన కొక్కేనికి వేలాడుతూ ఉండేది. పడుకున్న మనిషికి అది అందే వీలే లేదు. నేను దాన్ని పిన్నీసుతో దిండు గలీబుకు గుచ్చాను. అప్పటికీ ఆయన నొక్కలేదు. చివరికి దారి చూపించింది రాత్రి డ్యూటీ ఆయా. "ఆయన పిలవడమ్మా, మనమే లేపాల. లెగండి బాబూ, టైమయిందని అంటే మారు మాటాడకుండా లెగుస్తారు" అంది. పడుకోబోయే ముందు, తర్వాత ఒంటిగంటకు, నాలుగింటికి, ఆయన అడగకుండానే వార్డుబాయ్ వచ్చి మంచం పక్కన కమోడ్ కుర్చీ పెట్టేవాడు, నేను బయటకు వెళ్లేదాన్ని. రెండు రాత్రులకొకసారి మా తమ్ముడు వచ్చి ఉండేవాడు. మిగిలిన ఎనిమిది రాత్రులూ ఆయన ఒంటరిగా మంచం దిగలేదు.

అలాగని కదలకుండా పడుకోబెట్టలేదు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లే పది రోజులు మంచాన ఉంటే కాళ్లలో దాదాపు కిలో కండ కరిగిపోతుందని ఫిజియోథెరపిస్టు హెచ్చరించారు. లేచి కూర్చుని రెండు మూడు నిమిషాలు పాదాలు పైకీ కిందికీ ఆడించి, ఆ తర్వాతే నిలబడి వాకరు పట్టుకోవాలని నేర్పారు. నైలాను లుంగీ మడమల కింద పడుతోందని పైజమా తొడిగించారు. పడే ముప్పు ఉందని గుర్తుగా చేతికి కట్టిన పసుపు రంగు పట్టీని నాన్నగారు మొదట అవమానంగా భావించారు. "నిచ్చెన ఎక్కేటప్పుడు మీ యార్డులో బెల్టు కట్టుకునేవారు కదండీ, అలాంటిదే ఇది" అని ఫిజియో అన్నాక ఇక విప్పమనలేదు.

డిశ్చార్జి రోజు కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, వెనక్కి వచ్చి కూర్చోవడానికి ఆయనకు 24 సెకన్లు పట్టింది. ఆ పరీక్షలో 12 సెకన్లు దాటితే పడే ముప్పు ఉన్నట్టే. ఎం.వి.పి. కాలనీలోని మా ఇంటి బాత్రూములో స్టీలు కడ్డీలు బిగించాం, గుమ్మం దగ్గర గట్టు తీయించేశాం, దారిలో రాత్రంతా చిన్న దీపం వెలుగుతుంది. నెల తర్వాత అదే నడక 17 సెకన్లకు వచ్చింది, వాకరు ఇంకా వదల్లేదు. రాత్రి ఒంటిగంటకు మా తమ్ముడు, నాలుగింటికి మా వారు అలారం పెట్టుకుని లేచి, ఆయన అడగకముందే తలుపు దగ్గర నిలబడుతున్నారు.