సీసా మీది చీటీ

మన కెమిస్ట్రీ విభాగంలో చదివినవాళ్లకు ‘ఫ్లోరైడ్ సార్’ అంటే చాలు, పేరు అక్కర్లేదు. తాగే నీళ్లలో ఎముకలను దెబ్బతీసే ఫ్లోరైడ్ ఎంతుందో కొలవడమే ఆయన పని. నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు నుంచి నీళ్ల సీసా తెచ్చిస్తే సార్ చూపు ముందు దాని చీటీ మీద పడేది. ఫ్లోరైడ్ కొలిచే మీటరు సంగతి ఆ తర్వాతే. ఊరి పేరు, ‘బోరింగు’ అని మాత్రమే రాసి ఉంటే సీసా పక్కన పెట్టేసేవారు. ఏ బోరింగు, లోతెంత, ఆ నీళ్లు ఎవరు తాగుతున్నారు, రోజుకెన్ని బిందెలు? ఇవన్నీ చీటీలో ఉండాలి. ఎందుకో ఊళ్లో ఒకావిడ మాటతో తెలిసింది: “ఆ బోరింగు నీళ్లతోని బట్టలుతుకుతం సారూ, తాగేది అవతలి బాయియి.”

ఆ సీసా కూడా పాలిథీన్‌దే ఉండాలి. ఫ్లోరైడ్ గాజును పట్టుకుంటుంది, నీళ్లలో ఆమ్లత ఉంటే మరీను. బోరింగు కొన్ని నిమిషాలు కొట్టి, అదే నీళ్లతో సీసాను మూడుసార్లు తొలిచి, అప్పుడు నింపాలి.

ల్యాబులో అసలు పని టిసాబ్ కలపడం. మీటరు ఎలక్ట్రోడ్ ఫ్లోరైడ్‌ను సరిగా పట్టేలా శాంపిల్‌లో పోసే ద్రావణం ఇది. సగం లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో 57 మిల్లీలీటర్ల గ్లేషియల్ ఎసిటిక్ ఆసిడ్, 58 గ్రాముల ఉప్పు, 4 గ్రాముల సీడీటీఏ (అల్యూమినియం లాంటి లోహాలను తాను పట్టుకుని ఫ్లోరైడ్‌ను విడిపించే రసాయనం) వేసి, కాస్టిక్ సోడాతో పీహెచ్‌ను 5.3–5.5 మధ్యకు తెచ్చి, లీటరుకు నింపాలి. శాంపిల్ ఎంతో ఇదీ అంతే. పీహెచ్ బాగా తగ్గితే ఫ్లోరైడ్ హైడ్రోజన్‌తో జత కట్టి ఎలక్ట్రోడ్‌కు కనబడదు. బాగా పెరిగితే హైడ్రాక్సైడ్‌నే ఎలక్ట్రోడ్ ఫ్లోరైడ్ అనుకుంటుంది. స్టాండర్డ్ (ఫ్లోరైడ్ ఎంతుందో ముందే తెలిసిన ద్రావణం) కోసం ఆరబెట్టిన సోడియం ఫ్లోరైడ్ 2.21 గ్రాములు లీటరులో కరిగిస్తే ఫ్లోరైడ్ 1000 మిల్లీగ్రాములు. దాన్నుంచి పలచన చేసిన, లీటరుకు 1, 10 మిల్లీగ్రాముల స్టాండర్డ్‌ల రీడింగుల మధ్య 57 మిల్లీవోల్టులకు అటూ ఇటూ తేడా రావాలి. రాకపోతే ఆ రోజు అంకెలు నమ్మొద్దు. ద్రావణాన్ని కలియతిప్పే స్టిరర్ వేడెక్కి బీకరును వేడి చేస్తుంది, రీడింగు జారిపోతుంది. అందుకే కింద థర్మోకోల్ ముక్క పెట్టించేవారు. ఈ చిన్న ముక్క లేక ఎన్ని గ్రాఫులు పాడయ్యాయో!

సీడీటీఏ లేకపోతే ఏమవుతుందో ‘నల్గొండ పద్ధతి’ నీళ్లే చెబుతాయి. నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసేయడానికి 1970లలో నీరీ (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు రూపొందించిన పద్ధతి అది: బకెట్టు నీళ్లలో సున్నం, బ్లీచింగ్ పౌడర్, ఆపైన పటిక, పది నిమిషాలు కలిపి, గంట తేరనిచ్చి, పై నీళ్లు తీసుకోవడం. పటిక మోతాదు ఫ్లోరైడ్‌ను బట్టే కాదు, నీటి క్షారతను బట్టి కూడా. సరిగా తేరకపోతే అల్యూమినియం నీళ్లలోనే మిగిలి ఫ్లోరైడ్‌ను పట్టుకుంటుంది. ఎలక్ట్రోడ్‌కు అది కనిపించదు, నీళ్లు శుద్ధయినట్టు లెక్క తేలుతుంది. తాగేవాడి కడుపులోకి మాత్రం ఆ రెండూ పోతాయి. మరిగిస్తే పోతుందనుకోవడం ఇంకో పొరపాటు, ఆవిరైన కొద్దీ ఫ్లోరైడ్ చిక్కబడుతుంది.

నల్గొండ గ్రానైట్ నేలలో కాల్షియం ఎక్కువున్న నీళ్లయితే ఫ్లోరైడ్ కాల్షియం ఫ్లోరైడై కొంత దిగిపోతుంది. కాల్షియం తక్కువైన, సోడియం బైకార్బొనేట్ ఎక్కువైన నీళ్లలో అది అలాగే ఉండిపోతుంది. ఆ నీళ్లతో సబ్బు బాగా నురగొస్తుంది, పప్పు త్వరగా ఉడుకుతుంది. ఊళ్లో వాటినే మంచినీళ్లంటారు!

మన బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) లెక్కలో తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.0 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేకపోతే 1.5 వరకు ఓర్చుకోవచ్చు. ఎండాకాలం పొలంలో పనిచేసే మనిషి అయిదు లీటర్లు తాగితే 1.5 నీళ్లయినా రోజుకు 7.5 మిల్లీగ్రాములు. రెండు లీటర్లు తాగేవాడికి 3. అంకె ఒకటే, ఎముకలకు అందేది వేరు. చీటీలో బిందెల లెక్క అందుకే. పైన టీ, జొన్న, ఆ నీళ్లతోనే వండిన అన్నం.

తిండి సంగతి ఇంకా చిక్కు. 1973లో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి నల్గొండ ప్రాంతంలో మోకాళ్లు ఒకదానికొకటి ఒరుసుకుని పాదాలు ఎడంగా పోయే వంకర గురించి లాన్సెట్ వైద్య పత్రికలో రాశారు. తర్వాతి పరిశోధనలు ఆ ఊళ్ల జొన్నల్లో మాలిబ్డినం ఎక్కువగా ఉండటాన్నీ, రాగి లోపాన్నీ పట్టి చూపాయి. ఒక్క ఫ్లోరైడ్ అంకెతో కాళ్ల వంకరను లెక్కగట్టొద్దని సార్ పట్టు అక్కడిదే.

ఊరికి కృష్ణా నీళ్లొచ్చాక మూత్రం పరీక్షలో ఫ్లోరైడ్ వెంటనే తగ్గకపోతే కుర్రాళ్లు మీటరును అనుమానిస్తారు. ఒంట్లోని ఫ్లోరైడ్‌లో దాదాపు 99 శాతం ఎముకల్లో, పళ్లలో ఉంటుంది. నీళ్లు మారాక ఎముక నుంచే కొంచెం కొంచెం బయటికొస్తుంది, ఏళ్లు పడుతుంది. అందుకే ఆ చీటీలో చివరి గడి: నీళ్లు మారిన తేదీ.